గుమ్మం దగ్గర చెప్పే మాట కూడిక మధ్యలోకి రావాలంటే: ముసుగు లేని సహవాసానికి సమగ్ర మార్గదర్శి

ఇంటి కూడిక అయిపోతుంది, టీలు తాగడమూ అవుతుంది. అందరూ చెప్పులు వేసుకుంటుండగా ఒక సహోదరి ఇంటామె చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, “అక్కా, ఒక్క మాట…” అంటుంది. గంటన్నరగా ఆమె మనసులో ఉన్నది ఆ మాటే. “ప్రార్థన మనవులు చెప్పండి” అన్నప్పుడు మాత్రం “అందరి క్షేమం కోసం ప్రార్థించండి” అని ఊరుకుంది.

ఆ మాట గుమ్మం దాకా ఆగకుండా కూడికలోనే బయటికి రావాలంటే ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. మీరు దాన్ని సెల్ గ్రూప్ అన్నా, కాటేజ్ ప్రేయర్ అన్నా, గృహ కూడిక అన్నా, ఏడెనిమిది మంది కలిసి 12 వారాల్లో ఆచరించగల పద్ధతి ఇది. వరుస మాత్రం మార్చకండి. ముందు మనసు విప్పమని, గుట్టు సంగతి తర్వాత చూద్దామనుకునే చోటే ఎక్కువ కూడికలు దెబ్బతింటాయి.

1. ఏం కడుతున్నామో ముందు తేల్చుకోండి

సహవాసం అని మనం అనువదించుకున్న గ్రీకు మాట కొయినోనియా. దానికి మూలం పాలు, అంటే వాటా, పంచుకోవడం. లూకా 5:10లో యాకోబు, యోహానులను సీమోనుకు “పాలివారు” అన్నారు. అక్కడి గ్రీకు మాట కూడా కొయినోనియా పుట్టిన ధాతువు నుంచి వచ్చిందే. ఒకే చేపల వేట, ఒకే లాభం, ఒకే నష్టం. రోమా 15:26లో యెరూషలేము బీదల కోసం వేసిన చందాకు కూడా కొయినోనియా అన్న మాటే వాడారు.

అంటే కలిసి పాడి, వాక్యం విని, టీ తాగి వెళ్లిపోతే కూడిక జరిగినట్టే గాని సహవాసం జరిగినట్టు కాదు. ఒకరి బతుకులోని లాభనష్టాలు ఇంకొకరికి తెలిసి, అందులో వారికి పాలు ఉంటేనే అది సహవాసం.

1 యోహాను 1:7లో వరుస గమనించండి. మొదట వెలుగులో నడవడం, తర్వాత “అన్యోన్యసహవాసము”, ఆ తర్వాత యేసు రక్తం పవిత్రపరచడం. పవిత్రులయ్యాక వెలుగులోకి రమ్మని అక్కడ లేదు. మనం తిరగేసి చేస్తున్నాం. సమస్య తీరాక సాక్ష్యంగా చెబుదామని, తీరేదాకా దాచుకుంటున్నాం. ఈ ఒక్క సంగతి గుంపులో అందరికీ అర్థమైతే సగం పని అయినట్టే. అందుకే మొదటి కూడికలో ఈ వచనమే చదవండి.

మనసు విప్పడమంటే అన్నీ అందరికీ చెప్పేయడమూ కాదు. గెత్సేమనేలో ప్రభువు శిష్యులను ఒకచోట కూర్చోబెట్టి, ముగ్గురిని మాత్రమే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లాడు. “నా ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నది” అని చెప్పింది ఆ ముగ్గురితోనే (మార్కు 14:32-34). ఎవరికి ఎంత చెప్పాలన్నది చెప్పేవారి ఇష్టం. చెప్పిన మేరకు నిజం ఉంటే చాలు.

2. మనుషులు, ఇల్లు, వేళ: ముందస్తు ఏర్పాట్లు

ఎంతమంది: ఆరుగురికి తగ్గకుండా, ఎనిమిదికి మించకుండా. కారణం లెక్కే. పంచుకోవడానికి 35 నిమిషాలు ఉంటే ఏడుగురికి మనిషికి ఐదు నిమిషాలు వస్తాయి. పన్నెండుగురైతే మూడు నిమిషాలు కూడా రావు. మూడు నిమిషాల్లో ఎవరూ మనసు విప్పరు, “అంతా దేవుని కృపే” అని ముగిస్తారు.

ఎవరెవరు: అత్తాకోడళ్లను పంచుకునే భాగంలో ఒకే గదిలో పెట్టకండి. యజమానిని, అతని దగ్గర పనిచేసే మనిషినీ అంతే. వాక్యం అందరూ కలిసి వినవచ్చు. పంచుకునే వేళకు మగవాళ్లు హాల్లో, ఆడవాళ్లు లోపలి గదిలోనో డాబా మీదో విడిగా కూర్చుంటే మాట తేలిగ్గా వస్తుంది. అలా విడిపోయినా ఒక్కో వైపు ముగ్గురికి తగ్గకూడదు.

ఇల్లు: అద్దె పోర్షన్లలో గోడకు అవతలి మాట కూడా వినిపిస్తుంది. పంచుకునే వేళకు వీధివైపు కిటికీ మూసి ఫ్యాన్ వేయండి. పిల్లలను వేరే గదిలోకి పంపి, పెద్దవాళ్లలో ఒకరు వంతులవారీగా వాళ్ల దగ్గర కూర్చోవాలి. పదేళ్ల పిల్ల తలుపు చాటున ఉందని తెలిస్తే తల్లి నోరు విప్పదు.

ఫలహారం: టీ, ఒక రకం బిస్కెట్లు. ఇంతే అని మొదటి రోజే గట్టిగా చెప్పండి. ఒక ఇంట్లో ఉప్మా పెడితే తర్వాతి ఇంట్లో మిర్చి బజ్జీ, ఆపైన కేసరి. నాలుగో వారానికి స్తోమత లేని కుటుంబం “మా ఇల్లు చిన్నదండీ” అని తప్పుకుంటుంది. ఆ మాట వెనకున్న ఇబ్బంది ఎవరికీ తెలియదు. మొదటి ముసుగు అక్కడే పడుతుంది.

ఇళ్లు తిరగడం: గుంపులోని ప్రతి ఇంట్లో కనీసం ఒక్కసారైనా కూర్చోవాలి, ఆ ఇంట్లో నీళ్లు, టీ తాగాలి. ఫలానా వాళ్ల ఇంట్లో తినరు, తాగరు అన్న సంగతి మన సంఘాల్లో పైకి అనరు గాని చాలాచోట్ల ఉంది. అంతియొకయలో అన్యజనుల బల్ల దగ్గరనుంచి పేతురు వెనక్కి తగ్గినప్పుడు, అది సువార్త సత్యానికి తగిన నడత కాదని పౌలు అందరి ఎదుటే చెప్పాడు (గలతీ 2:11-14). కులం పట్టించుకునే గదిలో ఎవరూ పూర్తిగా మనసు విప్పరు. ఈ విషయంలో మొహమాటపడి సర్దుకుపోకండి.

పిలుపులు: కూర్చున్నాక “మేనేజర్ గారు”, “హెడ్‌మాస్టారు” వద్దు. అన్నా, అక్కా, తమ్ముడూ, బ్రదర్, సిస్టర్, మీ సంఘంలో ఏది అలవాటైతే అది. హోదాతో పిలిస్తే ఆ మనిషి హోదాకు తగ్గ జవాబే చెప్పాల్సి వస్తుంది.

పాస్టరు గారితో: మొదలుపెట్టకముందే కలిసి మూడు సంగతులు మాట్లాడుకోండి. ఈ గుంపు సంఘానికి పోటీ కాదు. ఇక్కడ విన్నవి వారం వారం ఆయనకు నివేదించరు. ప్రాణాపాయం, పిల్లలకు హాని వంటివి మాత్రం దాచరు. రెండోదానికి ఆయన ఒప్పుకోకపోతే ఒప్పుకునేదాకా మొదలుపెట్టకండి. ఆదివారం ప్రసంగంలో తన సంగతే ఉదాహరణగా వస్తుందేమోనన్న భయం ఒక్కటి చాలు, అందరూ మూతులు బిగించుకోవడానికి.

3. గుట్టు నియమం: దీని మీదే మిగతాదంతా నిలుస్తుంది

“నమ్మకమైన స్వభావముగలవాడు సంగతి దాచును” అన్నది సామెతలు 11:13. దాన్ని నియమంగా రాసి, మొదటి కూడికలో ఒక్కొక్కరూ పైకి చదవాలి. చదివేది ఇలా ఉండవచ్చు:

“ఇక్కడ నేను విన్నది చెప్పినవారి సొంతం. వారి అనుమతి లేకుండా మా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పను. ప్రార్థన మనవి అనే పేరుతో కూడా చెప్పను. బయట వారు కనిపిస్తే ఆ సంగతి నేనుగా ఎత్తను.”

చివరి వాక్యం చాలామందికి తట్టదు. సోమవారం రైతుబజారులో కనిపించి “ఇంతకీ మీ ఆయన తాగుడు తగ్గిందా అక్కా?” అని ప్రేమగానే అడుగుతారు. పక్కన ఆమె ఆడపడుచు ఉంటుంది. ఆ ఒక్క ప్రశ్నతో ఆమె కూడికకు రావడం మానేస్తుంది.

భార్యాభర్తల సంగతి ముందే తేల్చాలి. “మా ఆయనకు చెప్పకుండా ఉండలేను” అనేవారు ఉంటారు. వారి మాటలో నిజాయితీ ఉంది. అలాంటివారు మొదటి రోజే ఆ మాట చెబితే మిగతావారు ఎంత చెప్పాలో నిర్ణయించుకుంటారు. చెప్పకుండా చేస్తేనే చిక్కు.

ఎవరైనా బరువైన సంగతి చెప్పాక, ప్రార్థనకు ముందు కూడిక నడిపేవారు మూడు ప్రశ్నలు అడగాలి:

- ఇప్పుడు మీ పేరుతో, సంగతితో ప్రార్థించవచ్చా, లేక “సహోదరి అవసరత” అంటే చాలా?
- పాస్టరు గారికి చెప్పమంటారా, వద్దా?
- వారం మధ్యలో మేం ఫోన్ చేసి అడగవచ్చా? ఏ వేళకు చేస్తే మీకు వీలు?

వాట్సాప్ గ్రూపులో కూడిక వేళ, ఇల్లు, వచనం తప్ప ఇంకేమీ పెట్టవద్దు. ఒకరి మనవిని వాయిస్ మెసేజ్‌గా పంపడం అసలే వద్దు. ఫార్వర్డ్ కావడానికి క్షణం చాలు. ఫోన్లన్నీ సైలెంట్‌లో పెట్టి, పంచుకునే భాగంలో ఒక బుట్టలో వేయండి.

దాచకూడనివి. వీటినీ మొదటి రోజే చెప్పాలి. విన్న తర్వాత చెబితే మోసం చేసినట్టవుతుంది.

- 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక హాని: 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయాలి. తెలిసీ చెప్పకపోవడం నేరం. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. చేసినవాడు సంఘ పెద్ద అయినా, బంధువైనా ఇదే దారి. “సంఘం పరువు” అన్న మాట ఇక్కడ చెల్లదు.
- చనిపోవాలనిపిస్తోంది అన్నవారు: ఒంటరిగా పంపకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు వారి పక్కనే కూర్చుని ఫోన్ చేయించండి. ప్రాణాపాయం ఉంటే అత్యవసర నంబరు 112. ప్రార్థన తప్పకుండా చేయండి, ఫోన్ కూడా చేయండి.
- ఇంట్లో కొడుతున్నారని చెప్పినవారు: మహిళా హెల్ప్‌లైన్ 181. “ఓర్చుకో అమ్మా, దేవుడు మారుస్తాడు” అని ఆ ఇంటికే తిప్పి పంపకండి. ఆ రాత్రికి ఆమె ఎక్కడ ఉంటుందో ముందు అడగండి.

4. మొదటి కూడిక: 90 నిమిషాల లెక్క

- 10 నిమిషాలు: రావడం, మంచినీళ్లు, పలకరింపులు
- 10 నిమిషాలు: రెండు పాటలు
- 20 నిమిషాలు: వాక్యం చదవడం, రెండు ప్రశ్నల మీద మాట్లాడుకోవడం
- 35 నిమిషాలు: పంచుకోవడం
- 15 నిమిషాలు: ప్రార్థన

టీ ఇవన్నీ అయ్యాకే. మామూలుగా పాటలు అరగంట, సందేశం ముప్పావుగంట తీసుకుని, మనుషులకు మిగిలేది చివరి ఐదు నిమిషాలే. వాక్యాన్ని చిన్నచూపు చూడమని ఇక్కడ ఎవరూ అనడం లేదు. అపొస్తలుల కార్యములు 2:42లో బోధ, సహవాసం, రొట్టె విరుచుట, ప్రార్థన నాలుగూ ఉన్నాయి. ఒకటి మిగతా మూడింటిని తినేయకూడదు, అంతే.

వలయంగా కూర్చోండి, అందరూ ఒకే ఎత్తులో. కొందరు సోఫాలో, కొందరు చాప మీద వద్దు. కుర్చీలు చాలకపోతే అందరూ చాప మీదే. మోకాళ్లు నొప్పులున్న పెద్దవారికి మాత్రం కుర్చీ వేయండి.

మనవుల కోసం ఒక పుస్తకం పెట్టండి, మనిషికి రెండు పేజీలు. సంగతి మొత్తం రాయకూడదు. తేదీ, పొడి అక్షరం, నాలుగైదు మాటలు చాలు. దాన్ని ఒక్కరే భద్రపరచాలి.

ముందు మాట్లాడాల్సింది నడిపేవారే. ఇది మరచిపోతే ఎంత ఏర్పాటు చేసినా ఫలితం ఉండదు. నడిపేవారు ఎంత లోతుకు దిగితే గుంపు అంతవరకే దిగుతుంది. “గత వారం దేవుడు నన్ను బహుగా వాడుకున్నాడు” అని మొదలుపెడితే వరుసగా ఏడు విజయ సాక్ష్యాలు వస్తాయి. “నాలుగు రోజులుగా బైబిలు తెరవలేదు. నిన్న సాయంత్రం ఆఫీసు చిరాకంతా పిల్లవాడి మీద చూపించాను, వాడు ఏడుస్తూ పడుకున్నాడు” అని మొదలుపెడితే గదిలో గాలి మారుతుంది.

అయితే మొదటి వారమే మీ దాంపత్యంలోని పెద్ద చిక్కును వాళ్ల ముందు పెట్టకండి. విన్నవారు బెదిరిపోతారు. మీరు మోయగలిగినది, కానీ నిజమైనది, రెండు మూడు నిమిషాల్లో చెప్పండి.

5. లోతు వారం వారం ఎలా పెంచాలి

ఈతకు దింపినట్టే, మోకాలి లోతు నుంచి మొదలు. ప్రతి దశకు ప్రశ్న ముందే రాసుకోండి. “ఎవరైనా ఏమైనా పంచుకుంటారా?” అన్నది ప్రశ్న కాదు. దానికి వచ్చేది మౌనమే.

1, 2 వారాలు: “ఈ వారం మీ సమయమంతా దేనికి పోయింది? దేని విషయంలో దేవునికి కృతజ్ఞత చెప్పాలనిపించింది?”

3, 4, 5 వారాలు: “ఈ వారం మిమ్మల్ని బాగా అలసిపోయేలా చేసింది ఏది? దాని గురించి దేవునితో నిజంగా ఏమని మాట్లాడారు?”

6, 7, 8 వారాలు: “ఎంతకాలంగానో ప్రార్థిస్తున్నా జవాబు రానిది ఏది? ఆ ఆలస్యం మీ విశ్వాసాన్ని ఏం చేస్తోంది?” ఇక్కడ చాలామంది మొదటిసారి నిజం చెబుతారు. పెళ్లి కుదరని కూతురు, పిల్లలు లేకపోవడం, నాలుగోసారి తప్పిన పోటీ పరీక్ష, కువైట్‌లో ఉండి డబ్బు పంపడం మానేసిన భర్త. తొందరపెట్టకండి. 35 నిమిషాలూ ఇద్దరికే సరిపోయినా ఫర్వాలేదు, మిగతావారు వచ్చే వారం.

9 నుంచి 11 వారాలు: ఇద్దరు ముగ్గురుగా విడిపోయి, “మళ్లీ మళ్లీ పడిపోతున్న చోటు ఏది?”

ఎవరైనా “ఈ రోజు నాకు చెప్పాలని లేదు” అంటే “సరే అన్నా” అని ముందుకు వెళ్లండి. కారణం అడగవద్దు. ఒప్పుకునే స్వేచ్ఛకు వద్దనే స్వేచ్ఛ కూడా జత ఉండాలి.

6. ఒకరు మనసు విప్పినప్పుడు మిగతావారు ఏం చేయాలి

కూడికలు నిలిచేది, పడిపోయేది ఇక్కడే. చెప్పడం కన్నా వినడం నేర్పడానికి ఎక్కువ సమయం పెట్టండి.

ఒక తల్లి అంటుంది: “మా పెద్దోడు రోజూ తాగి వస్తున్నాడు. మొన్న నా మీద చెయ్యెత్తాడు.” ఆ మాట అనేసరికి ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉంటుంది, తల ఎత్తదు. ఆ క్షణంలో మన నోటికి అలవాటుగా వచ్చేవి ఇవి:

- “దిగులుపడకండి, మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి.” (వచనం నిజమే. చెప్పాల్సిన క్షణం ఇది కాదు.)
- “మా తోడికోడలి కొడుకూ అంతే, ఇంతకన్నా ఘోరం.” (సంభాషణ ఆమె చేతిలోంచి జారిపోయింది.)
- “చిన్నప్పుడే సండే స్కూలుకు పంపి ఉండాల్సింది.” (తీర్పు.)
- “విశ్వాసంతో ప్రార్థిస్తే తప్పక మారతాడు.” (మారకపోవడం ఆమె విశ్వాసలోపమైంది.)
- “ఫలానా ఊళ్లో మందు మాన్పించేవాళ్లున్నారు, నంబరు ఇస్తాను.” (అక్కరకు వచ్చేదే. కానీ రేపు.)

వీటికి బదులు చేయాల్సింది వరుసగా:

మొదట మౌనం, మెల్లగా పది లెక్కపెట్టేంత సేపు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటైనా పలకకుండా అతనితో నేలమీద కూర్చున్నారు (యోబు 2:13). వాళ్లు పొరపాటుపడింది నోరు తెరిచాకే.

తర్వాత విన్నది తిరిగి చెప్పండి, ఆమె మాటల్లోనే: “కన్నకొడుకే చెయ్యెత్తాడు. ఎంత కుంగిపోయి ఉంటారో.”

ఆపైన ఒకే ఒక్క ప్రశ్న: “ఇప్పుడు ఇంట్లో మీకు భయంగా ఉందా?” ఆరా తీసే ప్రశ్నలు (ఎప్పటినుంచి, ఎవరితో తిరుగుతున్నాడు, డబ్బెక్కడిది) వద్దు. ఆమె అవునంటే 3వ భాగంలో చెప్పినది చేయాలి.

చివరగా: “మేం ఏం చేస్తే మీకు ఆసరాగా ఉంటుంది? వినమంటారా, సలహా చెప్పమంటారా, ఎవరైనా వచ్చి అతనితో మాట్లాడాలా?” ఆమె అడిగింది చేయండి, మీకు తోచింది కాదు.

ఏడిస్తే ఏడవనివ్వండి. “ఏడ్చువారితో ఏడువుడి” అన్నాడు పౌలు. వెంటనే టిష్యూ అందించడం, వీపు తట్టడం కూడా ఒక్కోసారి “ఇక ఆపండి” అన్నట్టు వినిపిస్తుంది. చేతికి అందేంత దూరంలో పెట్టి ఊరుకోండి.

ప్రార్థన చిన్నదిగా ఉండాలి. ఒక్కరు, రెండు నిమిషాలు, ఆమె చెప్పిన మాటలతోనే. ప్రార్థనలో ప్రసంగం చేయకూడదు. “ప్రభువా, ఈ తల్లి తన పెంపకంలోని లోపాలు తెలుసుకునేటట్లు…” అని దేవునికి చెప్పే వంకతో ఆమెకు చెప్పడం చాలా గాయపరుస్తుంది. కళ్లు మూసుకుని ఉన్నామె జవాబు కూడా చెప్పలేదు. చేతులుంచి ప్రార్థించాలంటే ముందు అడగండి.

7. పాపం ఒప్పుకోవడం: ఎవరి దగ్గర, ఎంత వరకు

యాకోబు 5:16 “ఒకనితోనొకడు ఒప్పుకొనుడి” అంటుంది. ఇది ఇద్దరి మధ్య, ఎదురుబొదురు. నడిపేవారు కూడా ఒప్పుకోవాలి, వినడం మాత్రమే కాదు. మైకు పట్టుకుని సంఘమంతటి ముందు చెప్పించడం వేరే సంగతి. కొత్త విశ్వాసులతో, యువతీయువకులతో అలా చేయించకండి.

మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన జాన్ వెస్లీ 1738 డిసెంబరు 25న తన చిన్న గుంపులకు రాసిన నియమాలు ఈ వచనం మీదే నిలిచాయి. వారానికి ఒకసారైనా కలవాలి, చెప్పిన గంటకు రావాలి, ముందు ఒకరు తమ స్థితి చెప్పి తర్వాత మిగతావారిని అడగాలి. ఈ మూడూ ఇప్పటికీ అక్షరాలా పనికొస్తాయి. ఆ గుంపులు స్త్రీలకు, పురుషులకు వేరువేరుగా ఉండేవి.

చెప్పేవారు పాటించాల్సినవి:

- పాపాన్ని దాని పేరుతో చెప్పండి. “బలహీనత” అని కప్పకండి. “ఫోన్లో చూడకూడనివి చూస్తున్నాను, వారంలో మూడు రాత్రులు” అంటే ఎదుటివారు సాయం చేయగలరు.
- వివరాల వర్ణన వద్దు. ఏం జరిగిందో చాలు, ఎలా జరిగిందో అక్కరలేదు.
- ఇంకొకరి పాపం ఒప్పుకోకండి. “నాకు కోపం వచ్చింది, ఎందుకంటే మా ఆవిడ…” అన్న చోట ‘ఎందుకంటే’ దగ్గర ఆగండి.
- మీ తప్పు వల్ల నష్టపోయినవారు వేరే ఉంటే, గుంపులో చెప్పి ఊరుకుంటే సరిపోదు. వారి దగ్గరికి వెళ్లాలి.

వినేవారు చెప్పాల్సిన మాట ఒకటే ఉంది: 1 యోహాను 1:9 పైకి చదివి, “దేవుడు క్షమించాడు, మేం మీతోనే ఉన్నాం” అనండి. ఆ తర్వాత ఆచరణ: ఎప్పుడు పడిపోతున్నారు, ఏ గంటకు? ఆ గంటకు ఎవరు ఫోన్ చేస్తారు? ఫోన్ పడకగదిలో కాక ఎక్కడ పెడతారు? ఒక్క అడుగు తీర్మానించి, వచ్చే వారం దాని గురించే అడగండి.

8. డబ్బు, సాయం

అవసరం విని “ప్రార్థిస్తాం” అని లేచి వెళ్లడాన్ని యాకోబు 2:15-16 గట్టిగానే తప్పుపట్టింది. అలాగని అడిగిన ప్రతిదానికీ జేబు తెరిచినా గుంపు నిలవదు. గలతీ 6వ అధ్యాయం 2వ వచనం “ఒకని భారముల నొకడు” భరించమంటుంది, 5వ వచనం ప్రతివాడూ తన “బరువు” తానే భరించుకోవాలంటుంది. గ్రీకులో ఇవి రెండు వేరువేరు మాటలు. ఆస్పత్రి ఖర్చు, ఉద్యోగం పోవడం, చావు ఇంటి అవసరం భారాలు. నెలనెలా ఇంటి అద్దె మామూలుగా ఎవరి బరువు వారిదే.

నియమాలు మూడే. గుంపులో అప్పు ఇవ్వకండి, పుచ్చుకోకండి; ఇవ్వగలిగింది తిరిగి ఆశించకుండా ఇచ్చేయండి. అప్పు పడ్డ మనిషి మొహం చాటేస్తాడు, సహవాసం కూడా దానితోనే పోతుంది. ఇచ్చేది ఇద్దరి చేతుల మీదుగా, ఎవరు ఎంత ఇచ్చారో పుచ్చుకునేవారికి తెలియకుండా వెళ్లాలి. చీటీలు, గొలుసుకట్టు స్కీములు, ఇన్సూరెన్స్ పాలసీలు, ప్లాట్ల అమ్మకం కూడికలోకి రాకూడదు.

డబ్బు కాని సాయం చాలాసార్లు ఎక్కువ పనిచేస్తుంది: ఆస్పత్రిలో ఒక రాత్రి తోడు పడుకోవడం, మూడు రోజులు క్యారేజీ పంపడం, ఆధార్ కేంద్రానికి వెంట వెళ్లడం.

9. మనస్పర్థ వచ్చినప్పుడు

మూడు నెలల్లో ఒక్కసారైనా వస్తుంది. రాకపోతే ఇంకా ఎవరూ నిజం మాట్లాడలేదేమో చూసుకోండి.

మత్తయి 18:15-17 వరుస అందరికీ కంఠతా వచ్చు, పాటించేది మాత్రం తిరగేసి. ముందు నలుగురికి చెప్పి, చివరికి ఆ మనిషికి తెలుస్తుంది. సరైన వరుస: మొదట ఒంటరిగా, ఎదురుగా. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని. ఆ తర్వాతే సంఘం.

ఎవరైనా మీ దగ్గరికి వచ్చి మూడో మనిషి మీద చెబుతుంటే ఆపి, “ఈ మాట వారితో అన్నారా? అనకపోతే ఎప్పుడు వెళ్తారు? తోడు రమ్మంటే వస్తాను” అనండి. వెళ్లినవారు “మీరెప్పుడూ ఇంతే” అనకూడదు. “గురువారం మీరు అందరి ముందు నా జీతం సంగతి ఎత్తినప్పుడు నాకు చిన్నతనమైంది” అనాలి. ఒక రోజు, ఒక మాట, దానివల్ల నాకు కలిగినది. అంతకు మించి పాతవి తవ్వకండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

ఒక్కరే మాట్లాడుతున్నారు. సాధారణంగా అది అహంకారం కాదు, ఇంట్లో వినేవారు లేకపోవడం. మధ్యలో ఆపి, “అన్నా, ఇది పెద్ద సంగతి. రేపు నేను మీ ఇంటికి వస్తాను, తీరిగ్గా విందాం” అనండి. తప్పక వెళ్లండి.

అందరూ కష్టాలు చెబుతున్నారు, గది బరువెక్కింది. మూడు వారాలకోసారి పాత మనవులు చదివి, జవాబు వచ్చినవి గుర్తించండి. ఆ రోజు పాటలు నాలుగు పాడండి.

కష్టాన్ని పెంచి చెబుతున్నారనిపిస్తోంది. అననీయ, సప్పీరాల తప్పు పొలం సొమ్ములో కొంత ఉంచుకోవడం కాదు, మొత్తం ఇచ్చినట్టు నటించడం (అపొ. కా. 5). నటన భక్తిలోనూ వస్తుంది, పశ్చాత్తాపంలోనూ వస్తుంది. నలుగురిలో నిలదీయకండి. ఏడుపు కన్నా మార్పును అడగండి: “గత వారం అనుకున్న అడుగు వేశారా?”

గుట్టు బయటపడింది. దాచిపెట్టకండి. ఎవరివల్ల జరిగిందో వారు మొదట నష్టపోయినవారి దగ్గరికి వెళ్లి, తర్వాత గుంపులో ఒప్పుకోవాలి. ఒక నెల లోతు ప్రశ్నలు ఆపి, 1వ వారం ప్రశ్నతో మళ్లీ మొదలుపెట్టండి. రెండోసారి అదే మనిషి చేస్తే వాక్య భాగానికి రానివ్వండి, పంచుకునే భాగానికి వద్దు.

విదేశాల్లో ఉన్నవారు జూమ్‌లో కలుస్తున్నారు. డాలస్‌లో రాత్రి అయితే గుంటూరులో పొద్దున. ఒకవైపు వంటింట్లో అమ్మ, మరోవైపు నిద్రలేచిన పిల్లలు. ఇయర్‌ఫోన్లు తప్పనిసరి చేయండి, ఆరుగురికి మించవద్దు, రికార్డింగ్ ఆపేశామని ప్రతిసారీ పైకి చెప్పండి.

11. నడిపేవారి చెక్‌లిస్టు

కూడికకు ముందు రోజు:
- ప్రశ్న రాసుకున్నానా? దానికి నా జవాబు నిజంగా సిద్ధంగా ఉందా?
- గత వారం మనవులు చదివానా, వాటి కోసం ప్రార్థించానా?
- రెండు వారాలుగా రానివారికి ఫోన్ చేశానా? (“ఎందుకు రాలేదు?” కాదు, “ఎలా ఉన్నారు?”)

కూడికలో:
- చెప్పిన వేళకు మొదలు, చెప్పిన వేళకు ముగింపు
- ముందు నేనే పంచుకోవడం
- ఎవరి మాటా మధ్యలో తెగకుండా చూడటం
- ఆ మూడు అనుమతి ప్రశ్నలు

తర్వాత 48 గంటల్లో:
- బరువైన సంగతి చెప్పినవారికి ఒక ఫోన్. మనసు విప్పిన మర్నాడు చాలామందికి సిగ్గేస్తుంది, “అనవసరంగా చెప్పానా” అనిపిస్తుంది. ఆ ఫోన్‌లో సలహా ఏమీ వద్దు. “నిన్న మీరు చెప్పినందుకు మాకు మీ మీద గౌరవం పెరిగింది” అంటే చాలు.

12. పన్నెండో వారం

ఈ రోజు కొత్త ప్రశ్న వద్దు. ఒక్కొక్కరూ రెండు సంగతులు చెప్పాలి: ఈ గదిలో ఏది నాకు బలమిచ్చింది, ఎక్కడ నేను ఇంకా దాచుకుంటున్నాను. రెండోదానికి వివరం అడగవద్దు.

కొనసాగాలనుకుంటే ఇంకో 12 వారాలకే ఒప్పుకోండి. గడువు లేకపోతే మానాలనుకున్నవారు చెప్పలేక నెమ్మదిగా జారిపోతారు. కొత్తవారిని చేర్చుకుంటే ఎనిమిది దాటకముందే రెండు గుంపులవ్వండి. కొత్త గుంపు మళ్లీ 1వ వారం ప్రశ్నతో, గుట్టు నియమం పైకి చదవడంతోనే మొదలవ్వాలి. పాత గుంపుకున్న చనువును కొత్తవారి మీద మోపకండి.

మనవుల పుస్తకంలోని పేజీలు చింపి ఎవరివి వారికి ఇచ్చేయండి. ఉంచుకుంటారో, పొయ్యిలో వేస్తారో వాళ్ల ఇష్టం.